అనుమానం వస్తే లేపు

గ్రేమౌత్ అనే మా రేవు ఊళ్లో ఆడా మగా, ముసలీ ముతకా అందరికీ పుట్టుకతో వచ్చే విద్య ఒకటుంది. కార్లో కూర్చుని ఇంకొకళ్ల బోటు నడిపించడం. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర రాళ్లగట్టు మీద కార్లు వరసగా ఆపుకుంటారు. అద్దాలు పైకెత్తుకుని, ఒళ్లో వేడివేడి మాంసం కూరిన రొట్టె పెట్టుకుని, లోపలికొచ్చే ప్రతి చేపల ట్రాలరుకీ మార్కులేస్తారు. మొగలో నీళ్లకింద ఇసుక మేట ఉంది. సముద్రం పొంగిన రోజున దానిమీద కెరటాలు గోడల్లా లేచి విరుగుతాయి. పోటు సమయం చూసుకుని, ఒక కెరటం వీపు మీద, వెనక కెరటానికి దొరక్కుండా లోపలికి రావాలి. కాస్త తొందరపడినా, కాస్త తాత్సారం చేసినా బోటు అడ్డం తిరుగుతుంది. గట్టు మీద కూర్చున్నవాళ్లకి మాత్రం ఇదంతా వెన్న రాసినంత సులువు. చుక్కాని పట్టిన పాపాన పోయినవాడు ఒక్కడూ ఉండడు, నోళ్లు మాత్రం ఊరుకోవు.

ఈ మార్కులేసేవాళ్లందరికీ హెడ్మిస్ట్రెస్ లాంటిది హూయా. డెబ్బై దాటిన మనిషి. తన పాత ఆకుపచ్చ కారుకి గట్టు చివర ఒక చోటుంది, అక్కడ ఇంకెవరైనా బండి పెడితే ఆ రోజు వాళ్ల పూర్వీకుల దగ్గర్నుంచి తిట్టడం మొదలెడుతుంది. పక్క సీట్లో ఫ్లాస్కు, దూరపు చూపు అద్దాలు, నూనెలో వేయించిన రొట్టెల డబ్బా. బోటు నడిపే సరంగు ఎంత గొప్పవాడైనా, ఎంత గొప్పగా మొగ దాటి వచ్చినా పదికి ఏడు మించి వెయ్యదు. ఆ మిగతా మూడూ ఎందుకు పోయాయని అడిగే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేదు.

ఆ హూయా కూతురే రిపెకా. తల్లికెంత నోరుందో కూతురికి అంత నిదానం. చేపల ఫ్యాక్టరీలో ముళ్లు తీసే బల్ల దగ్గర నిలబడి నిలబడి విసుగొచ్చి, వంటమనిషిగా 'తెరీసా ఆన్' అనే ట్రాలరు ఎక్కింది. ఎక్కిందంటే మళ్లీ దిగలేదు. వంట చేస్తూనే వల అల్లడం నేర్చుకుంది. వల అల్లుతూనే ఉక్కు తాడు పురులు విప్పి అతుకు వెయ్యడం నేర్చుకుంది. నలభై నిండేసరికి బోటులో సరంగు తరవాత సరంగంతటి మేటు అయి కూర్చుంది.

సరంగు పేరు లెన్ కార్మొడీ. బోటూ ఆయనదే. మనిషి పొట్టి, మాట అంతకన్నా పొట్టి. చుక్కాని గది వెనకే ఆయన పడక, బూట్లు విప్పకుండానే పడుకుంటాడు. చుక్కాని ఎదురుగా గోడమీద తెల్లరంగుతో తనే పెద్దపెద్ద అక్షరాలు రాసుకున్నాడు: అనుమానం వస్తే లేపు. బోటులో ఉన్న చట్టమల్లా అదే. లెన్ వాళ్ల అన్న కుర్రతనంలో ఒక బోటులో నిద్రలోనే పోయాడు. కాపలా ఉన్నవాడు మొహమాటస్థుడు, సరంగుని నిద్రలేపడమెందుకని ఊరుకున్నాడు, బోటు వెళ్లి రాళ్లెక్కింది. అందుకే లెన్‌ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు లేపినా పల్లెత్తు మాట అనేవాడు కాదు. లేచి వచ్చి, ఒకసారి బయటికి చూసి, ఏం చెయ్యాలో రెండు ముక్కల్లో చెప్పి, చివర్న ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు: "లేపి మంచి పని చేశావు. వెళ్లి టీ పెట్టు."

ఫెలేతి అని టోంగా నుంచి వచ్చిన కుర్రాడు కొత్తగా డెక్కు పనిలో చేరినప్పుడు, సముద్రం అంచున ఓడ తగలబడిపోతోందని కేకలేసి ఆయన్ని లేపాడు. లెన్ వచ్చి చాలాసేపు చూశాడు. అది అప్పుడే పొడుస్తున్న చంద్రుడు. "చందమామ" అన్నాడు. తరవాత, లేపి మంచి పని చేశావు, వెళ్లి టీ పెట్టు అన్నాడు. ఆ టీ సంగతి ఫెలేతి పెళ్లిలో కూడా చెప్పుకుని నవ్వారు.

లెన్‌కి కోపం వచ్చింది ఒక్కసారే. పాత మేటు ఒకడు ఎదురుగా దీపం చూసి కూడా, అదే తప్పుకుంటుందిలే అని అరగంట ఊరుకున్నాడు. లెన్ అనుకోకుండా లేచి బయటికొచ్చేసరికి నెత్తిమీద కొండంత సరుకు ఓడ. ఎలాగో బోటు తిప్పేశాడు. ఆ తరవాత బోటు రేవు చేరేదాకా ఆ మేటుని చూసినప్పుడల్లా బల్ల గుద్ది ఒకటే ప్రశ్న, నన్నెందుకు లేపలేదు అని. అన్నం దగ్గర అదే, వల దగ్గర అదే. రేవులో దిగినవాడు మళ్లీ ఎక్కలేదు. వాడి చోటే రిపెకాకి వచ్చింది. అది కళ్లారా చూసిన రిపెకా లెన్‌ని ఎవరూ లేపనన్నిసార్లు లేపింది. పని రాక కాదు, తనకి తెలిసిందే అయినా లేపేది. ఆయన వచ్చి చూసి, నువ్వనుకున్నదే చెయ్యి అనేవాడు. అప్పుడు చేసేది.

ఇలా హాయిగా సాగిపోతుండగా, ఆ ఏడు సరంగు సర్టిఫికెట్ కొత్తది చేయించుకోవడానికి వెళ్లిన లెన్‌ని డాక్టరు కంటి పరీక్షలో ఫెయిల్ చేసేశాడు. చూపులో నడిమి భాగం పోతోంది, ఎరుపూ ఆకుపచ్చా ఒకలాగే కనిపిస్తున్నాయి, ఆపరేషన్లతో నయమయ్యేది కాదు. చలికాలంలో హోకి చేప వచ్చేనాటికి పాత సర్టిఫికెట్ గడువు తీరిపోతుంది. సరంగు పరీక్ష పాసైన మనిషి లేకుండా ట్రాలరు రేవు దాటడానికి వీల్లేదు. నెల్సన్‌లోని ఒక కంపెనీ వాళ్లు తెరీసా ఆన్ మీద ఎప్పట్నుంచో కన్నేసి ఉన్నారు. ఎవరూ దొరక్కపోతే అమ్మడం తప్ప దారి లేదు. అమ్మితే బోటు నెల్సన్ పోతుంది, దానిమీద బతికే ఐదు ఇళ్లు గట్టు మీద కార్లలో కూర్చోవాల్సి వస్తుంది.

మిగతా నలుగురూ రిపెకా వైపు చూశారు. రిపెకా తన వెనక ఎవరున్నారా అని చూసింది.

పదిహేనో ఏట బడి మానేసిన మనిషికి పుస్తకాలంటే భయం. అయినా వేసవంతా వంటింటి బల్ల మీద సముద్రపు పటాలు పరుచుకుని, ఆటుపోట్ల లెక్కలూ, గాలివానల కదలికలూ పట్టుబట్టి చదివింది. బోటు తూకం గురించిన పాఠం ఎంతకీ బుర్రకెక్కలేదు. అడుగున సగం నిండిన నీళ్లు బోటుని ఎలా పడదోస్తాయో రాయమంటే పెన్ను నమిలేది. ఒకరోజు పల్చటి సూపు గిన్నెతో నడుస్తుంటే, అది ఒక పక్కకి జారి మొత్తం గిన్నెనే వంచేసింది. పాదం మీద సూపు ఒలకబోసుకుని, కాలుతున్నా సంతోషంతో గంతులేసింది. రాతపరీక్షలన్నీ పాసైంది. వల అల్లడం, తాడు అతకడం, ప్రాణరక్షణ తెప్పని నీళ్లలో తిరగేసి ఎక్కడం, ఇవి ఆమెకి తిండి తిన్నంత పని. మిగిలింది నోటి పరీక్ష ఒక్కటే. అందరూ గట్టెక్కినట్టే అనుకున్నారు.

నోటి పరీక్ష నెల్సన్‌లో. ఫెలేతి కారులో తీసుకెళ్లాడు. పరీక్ష పెట్టే కెప్టెన్ ఇన్నెస్ ఒకప్పుడు చమురు ఓడలు నడిపిన మనిషి, సన్నగా, మెత్తగా మాట్లాడతాడు. బల్ల మీద చిన్నచిన్న చెక్క బోట్లు, గోడకి రంగురంగుల బల్బులున్న నల్ల పలక. ఆకుపచ్చ కింద తెలుపు వెలిగించాడు. వల లాగుతున్న ట్రాలరు అని చెప్పింది. ఎరుపు కింద తెలుపు వెలిగించాడు. మరో రకం వేట బోటు అంది. ఏది వెలిగిస్తే అది చెప్పింది, ఒక్కటి తప్పలేదు. ఇన్నెస్ సంతోషించి, అసలు ప్రశ్నల్లోకి దిగాడు. వల సముద్రంలో ఉంది, పొగమంచు కమ్మింది, ఎదురుగా ఏదో వస్తోంది. ఏం చేస్తారు?

రిపెకా ఆలోచించనైనా లేదు. "లెన్‌ని లేపుతాను" అంది.

ఆయన నవ్వి, ఇక్కడ సరంగు మీరేనండీ అని గుర్తు చేశాడు. ఔను కదా అని ఆమె కూడా నవ్వింది. సరే, వల అడుగున రాతికి తగులుకుంది, కెరటాలు పెరుగుతున్నాయి అన్నాడు. తాడు పక్కకి లాగకుండా వెనకనుంచే వచ్చేలా చూసుకుంటాను, తాడు చుట్టే మర బ్రేకు వదులు చేస్తాను, ఇంజను తగ్గిస్తాను అని చక్కగా మొదలుపెట్టి, ఆ తరవాత లెన్‌ని లేపుతాను అంది. మరో ప్రశ్న వేశాడు. అక్కడా చివరికి లెన్ లేచాడు. పరీక్ష సాగినంతసేపూ పాపం లెన్‌కి కునుకు లేదు.

ఇన్నెస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ లెన్ గారెవరో గానీ, ఆయన లేడనుకోండి" అన్నాడు.

"ఎందుకు లేడు? పొద్దున్నే ఫోన్ చేశాడే" అంది రిపెకా.

"చనిపోయాడనుకోండమ్మా."

రిపెకా లేచి నిలబడిపోయింది. "ఎప్పుడు?" అంది.

పాపం ఇన్నెస్ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. లెన్ బతికే ఉన్నాడని ఆయనే నచ్చచెప్పాల్సి వచ్చింది. పరీక్ష మాత్రం పోయింది. హోకి వచ్చేలోపల ఇంకొక్క తారీకు ఉంది, అప్పుడు రండి, కానీ ఒంటరిగా రండి, లెన్ గారిని తీసుకురాకండి అని సాగనంపాడు.

తిరుగుదారిలో కొండలు దాటేదాకా ఫెలేతి నవ్వు బిగపట్టాడు. ఎంతసేపని ఆపుకుంటాడు? బండి పక్కకి ఆపి, స్టీరింగు మీద తల పెట్టి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. రిపెకా ముందు వాడి వీపు మీద ఒకటిచ్చింది. తరవాత తనూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది, బోటు తనవల్లే పోతోందని.

వాళ్లకన్నా కబురు ముందు ఊరు చేరింది. ఎవరు చేరవేశారో అడక్కండి, ఫెలేతికి ఫోన్ ఉంది. మర్నాడు లెన్ బజారుకెళ్తే జనం టోపీలు తీసి సంతాపం చెప్పారు. బేకరీ ఆవిడ, పోయినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదంటూ మాంసం రొట్టె ఊరికే ఇచ్చింది. బీరు కొట్లో ఆయన గ్లాసుకి నల్ల రిబ్బను కట్టారు. బతికుండగా ఆయన్ని ఇంత బాగా చూసుకున్నవాళ్లు లేరు. లెన్ కూడా ముచ్చటపడి, ఇదేదో ముందే చేసుంటే బాగుండేది అన్నాడు.

కానీ సాయంత్రం రేవులో, ఖాళీ బోటులో, రిపెకా చిరిగిన వల ముందేసుకుని కూర్చుని ఉంటే, లెన్ వచ్చి ఎదురుగా చేపల పెట్టె మీద కూర్చున్నాడు. తనూ వల కొస అందుకున్నాడు. కాసేపటికి రిపెకాయే అంది, తనకి చేతకాదని, బోటు అమ్మేసుకోమని. లెన్ వలని దగ్గరికి లాక్కున్నాడు. కళ్లకి దగ్గరగా పెట్టుకున్నా వల కన్ను కనిపించక వేళ్లతో తడుముతున్నాడు.

"నేను చావలేదు పిల్లా. నా కళ్లు చచ్చాయి" అన్నాడు. "రేపు నువ్వు లేపితే లేస్తాను. లేచి ఏం చూడను?"

రిపెకా చేతిలో వల ఆగిపోయింది. "నీకెలా తెలిసేది సరంగూ? నిద్రలోంచి లేచి, ఒక్కసారి చూసి, టక్కున చెప్పేసేవాడివి."

"సగంసార్లు నాకూ తెలిసేది కాదు. నేను లేపడానికి నా పైన ఎవరూ లేరు, అంతే తేడా." లెన్ వల కింద పెట్టేశాడు. "ప్రతిసారీ టీ ఎందుకు పెట్టమనేవాణ్ణనుకున్నావ్? టీ మీద మోజా? నా చేతులు వణికేవి. మీరు చూడకుండా అవతలికి పంపేవాణ్ణి."

పంతొమ్మిదేళ్లు ఆ టీ పెట్టిన మనిషి రిపెకా. వేల కప్పులు పెట్టి ఉంటుంది. ఒక్కసారీ ఆ చేతుల వైపు చూడలేదు. ఆ మాట విన్నాక ఆమెకి ఒళ్లంతా ఏదో తేలికైనట్టనిపించింది. భయం లేకపోవడం వల్ల సరంగులు అవ్వరన్నమాట. ఇంటికెళ్లి తల్లితో, మళ్లీ వెళ్తున్నానని చెప్పింది.

హూయాకి ఆ ఒక్క మాట చాలు. అప్పట్నుంచి ఆ ఇంట్లో రిపెకాకి నిలబడితే తప్పు, కూర్చుంటే తప్పు. భోజనం బల్ల మీద ఉప్పు సీసా చమురు ఓడ, టమాటా సాసు సీసా తెరీసా ఆన్, వెన్న కత్తి తెరచాప బోటు. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఉప్పు సీసా మీదికి వచ్చేది. స్నానం చేస్తుంటే తలుపు బాది, "సరంగూ, కుడిపక్కన ఎర్ర దీపం. ఏం చెయ్యను?" అనేది. సబ్బు కళ్లతోనే జవాబు చెప్పాలి. కుడిపక్క ఎరుపు కనిపిస్తే తప్పుకోవాల్సింది మనమే, బోటు కుడికి తిప్పి వాళ్ల వెనకనుంచి పో. చెప్పేదాకా తువ్వాలు ఇచ్చేది కాదు. ఇంట్లో ఒక్కటే నిషేధం, లెన్ పేరు ఎత్తకూడదు. ఎత్తితే ఆ రాత్రి గిన్నెలు తోమాలి. మొదటి వారం ఆ ఇంట్లో గిన్నెలన్నీ రిపెకాయే తోమింది.

ఇది చూసి ఊరు ఊరుకుంటుందా? మాంసం కొట్లో సాసేజులు తూస్తున్నవాడు తూకం ఆపి, ఇంజను ఆగిపోయింది, గాలి ఒడ్డుకి తోస్తోంది, మాట్లాడండి సరంగు గారూ అనేవాడు. లంగరు దింపు, రేడియోలో చెప్పు అని ఆర్డరు వేస్తే గాని సాసేజులు చేతికొచ్చేవి కావు. పెట్రోలు బంకులో పిల్ల పొగమంచు కమ్మించేది. ఆదివారం చర్చిలో శాంతి చెప్పుకునే వేళ పాదిరి చెయ్యి పట్టుకుని మెల్లగా, మనిషి సముద్రంలో పడ్డాడు అన్నాడు. రిపెకా కూడా అంతే మెల్లగా, తేలే చక్రం విసిరి, చూపు వాడిమీంచి తియ్యకుండా బోటు తిప్పమంది. మీకు సమాధానము కలుగును గాక అనేసి పాదిరి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లాడు.

రెండోసారి రిపెకా ఒక్కతే కారు నడుపుకుంటూ నెల్సన్ వెళ్లింది.

ఇన్నెస్ ఈసారి పద్ధతి మార్చాడు. నేను మీ మేటుని, మీరు పడకలో ఉన్నారు, వచ్చి లేపుతాను అన్నాడు. గది బయటికి వెళ్లి తలుపు తట్టి, తల లోపలికి పెట్టాడు. వేషం బాగానే కట్టాడు, టై కూడా వదులు చేసుకున్నాడు.

"సరంగు గారూ, పొగమంచు కమ్మి అరగంటైంది. ఎదర ఏదో వస్తున్నట్టుంది. మీరు మంచి నిద్రలో ఉన్నారని..."

అంతే. రిపెకా చెయ్యి బల్ల మీద పడిన చప్పుడికి చెక్క బోట్లన్నీ ఎగిరి పక్కకి ఒరిగాయి.

"అరగంటా? అరగంట నుంచీ నన్నెందుకు లేపలేదు?"

కెప్టెన్ ఇన్నెస్ నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. రిపెకా ఆగలేదు. ఇంజను తగ్గించమంది. హారన్ మోగించమంది, వల నీళ్లలో ఉంది కాబట్టి ఒక పొడుగు, రెండు పొట్టి. ముందు భాగంలో ఒక మనిషిని నిలబెట్టమంది, చెవులు రిక్కించుకుని వినమంది, ఆ మనిషి ఫెలేతి అయితే ముందు చెవుల మీంచి టోపీ తియ్యమంది. వల తాడు దగ్గర ఒకరు, రేడియో దగ్గర ఒకరు, మిగతా అందర్నీ ప్రాణరక్షణ కోట్లేసుకుని పైకి రమ్మంది. చెప్పాల్సిందంతా చెప్పి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు చుట్టూ చూసింది. బోర్లా పడిన బోట్లూ, తలుపు పట్టుకుని నిలబడ్డ కెప్టెనూ కనిపించారు. నాలిక కరుచుకుని, క్షమించండి అంది.

క్షమించాల్సిందేం లేదని ఆయన వచ్చి, పడిపోయిన బోట్లని ఒక్కొక్కటే నిలబెట్టాడు. "అంతా అయ్యాక ఆ మేటుని ఏం చేస్తారు?" అని అడిగాడు.

"ఆలస్యంగా లేపాడు గాబట్టి తిడతాను. లేపాడు గాబట్టి మంచి పని చేశావంటాను. టీ పెట్టమంటాను."

"టీ ఎందుకు?"

"అది సరంగుల సంగతండీ" అంది రిపెకా.

ఇన్నెస్ వదులైన టై బిగించుకున్నాడు. చమురు ఓడల మీద ముప్ఫయ్యేళ్లు ఉన్న మనిషి, ఆయనకీ తన టీలు ఏవో ఉండే ఉంటాయి. చెయ్యి చాచి, అభినందనలు సరంగు గారూ అన్నాడు.

హోకి కాలం మొదట్లోనే తెరీసా ఆన్ రేవు దాటింది. చుక్కాని దగ్గర రిపెకా. వంటమనిషిగా లెన్. కూరగాయలు తడిమి తరుక్కోవడానికి కళ్లతో ఏం పని అని తనే ఎక్కాడు. పడక గది రిపెకాకి ఇచ్చి, తను కింద కుర్రాళ్లతో పడుకున్నాడు. చేప బాగా పడింది. మంచు వేసిన పెట్టెలు నిండాయి. అందరికీ ఎప్పుడెప్పుడు ఇల్లు చేరతామా అని ఉంది, ఫెలేతికి మరీనూ, వాడి పెళ్లానికి నెలలు నిండుతున్నాయి.

తిరిగి మొగ దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం. రాళ్లగట్టు మీద కార్లు అంత దూరానికీ మెరుస్తున్నాయి. ఊరు ఊరంతా వచ్చింది, హెడ్‌లైట్లు ఆర్పి వెలిగించి పిలుస్తోంది. చివర్న ఆకుపచ్చ కారు. ఆ డిక్కీలో వేయించిన రొట్టెలు గుట్టగా ఉన్నాయని రిపెకాకి చూడకుండానే తెలుసు. కానీ మొగలో కెరటాలు గోడ కట్టినట్టు లేస్తున్నాయి. పోటు అప్పుడే వెనక్కి తగ్గుతోంది. ఇంజను తగ్గించి, ఒక్కో కెరటాన్నీ చూస్తూ నిలబడింది. సందు ఉన్నట్టే ఉంది. లెన్ అయితే దూరేవాడేమో. తలుపులోంచి కిందికి చూసింది. లెన్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. తల ఎత్తలేదు. కావాలనే ఎత్తలేదు.

"బయటే ఆగుతున్నాం" అంది రిపెకా. "పొద్దున పోటుకి దాటుదాం."

ఫెలేతి మొహం వాడిపోయింది గానీ మారు మాట్లాడలేదు. బోటు మళ్లీ సముద్రం వైపు తిరిగింది. గట్టు మీద జనానికి మాత్రం ఒళ్లు మండింది. పండగకొచ్చి పస్తున్నట్టు హారన్లు మోగించారు, ఆ మాత్రానికే భయపడితే ఎలా అని సణిగారు. హూయా కారు దిగి వరస మొదట్నుంచి చివరిదాకా నడుస్తూ ఒక్కొక్క అద్దం మీదా కొట్టి, లోపలికి రావడం ఎవడైనా వస్తాడు, ఊరంతా చూస్తుండగా వెనక్కి తిరగడానికి దమ్ముండాలి, మూసుకుని ఇళ్లకి పొండి అని చెప్పిందట. రొట్టె ఒక్కరికీ పెట్టలేదట.

ఒడ్డుకి దూరంగా బోటు నెమ్మదిగా కెరటాలకి ఎదురు నడుస్తోంది. చుక్కాని ఫెలేతికి ఇచ్చి, చూపు బాగోకపోయినా చెవులు బాగున్నాయని తోడు లెన్‌ని కూర్చోబెట్టి, రిపెకా నడుం వాల్చింది. బూట్లు విప్పలేదు. తూర్పున కొండల మీద ఆకాశం తేటబడుతుండగా తలుపు చప్పుడైంది. ఫెలేతి వచ్చాడనుకుంది. తలుపులో లెన్ నిలబడి ఉన్నాడు.

"సరంగూ" అన్నాడు. ఆ మాట ఆయన తన బోటులో ఇంకొకళ్లని అనడం అదే మొదలు. "కుడిపక్కన ఓ దీపం ఉంది. కుర్రాడు ఎరుపంటున్నాడు. నాకు ఎరుపో పచ్చో తెలియట్లేదు. నాకు అనుమానంగా ఉంది."

రిపెకా ఒక్క అంగలో చుక్కాని దగ్గరికి వచ్చింది. ఎరుపే. మొగ దాటలేక తమలాగే ఆగిపోయిన పక్క రేవు వెస్ట్‌పోర్ట్ ట్రాలరు, అనుకున్నదానికన్నా బాగా దగ్గరగా, అడ్డంగా వస్తోంది. కుడికి తిప్పమంది. ఇంకా తిప్పమంది. బోటు భారంగా ఒరిగి తిరిగింది. ఆ ట్రాలరు ఎడమ పక్కనుంచి జారిపోయింది, అందులో ఎవరో చెయ్యి ఊపాడు కూడా. అంతా క్షణాల్లో అయిపోయింది. తరవాతే రిపెకా చేతులు వణకడం మొదలుపెట్టాయి. పిడికిళ్లు బిగించినా ఆగట్లేదు. వాటిని కోటు జేబుల్లోకి తోసేసింది.

"లేపి మంచి పని చేశావు" అంది లెన్‌తో. "వెళ్లి టీ పెట్టు."

లెన్ ఆమె చేతుల వైపు చూడలేదు. అలాగే సరంగూ అని కిందికి దిగాడు. ఆ రోజు ఆ టీ తయారవడానికి ఎప్పుడూ పట్టనంత సేపు పట్టింది. రెండు కప్పులతో ఆయన పైకొచ్చేసరికి రిపెకా చెయ్యి చాచి, చుక్క ఒలకకుండా అందుకుంది.

పొద్దెక్కి పోటు వచ్చాక, సముద్రం కాస్త చల్లబడ్డాక, ఒక కెరటం వీపు మీద కూర్చున్నట్టుగా తెరీసా ఆన్ మొగ దాటి లోపలికి వచ్చింది. గట్టు మీద మళ్లీ కార్లన్నీ ఉన్నాయి, ఇళ్లకి పొమ్మంటే పోయే జనమా మా జనం? హారన్లతో నది మారుమోగింది. రేవులో తాళ్లు కడుతుంటే హూయా వచ్చి, రొట్టెల డబ్బా కూతురి చేతిలో పెట్టి, ఎనిమిది అంది. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరిచారు. ఆ రెండూ ఎందుకు పోయాయని రిపెకా అడిగింది, అడగగలిగింది మా ఊళ్లో ఆమె ఒక్కతే. రొట్టెలు చల్లారిపోయాయి, అందుకు అంది హూయా.

తరవాత లెన్ వైపు తిరిగి, చచ్చి కూడా బోటెక్కావు, ఈ నాలుగు రోజులూ ఏం వెలగబెట్టావయ్యా అని అడిగింది.

"టీ పెట్టాను" అన్నాడు లెన్.